అబూ ఖాలిద్ ఊళ్లలో ఎనిమిది రోజులు

మాది రాజంపేట దగ్గర పల్లె. పదకొండేళ్లు కువైట్‌లో పనిచేశాను. అక్కడ మా గోడౌన్ ఆఫీసులో లెక్కలు చూసే ఈజిప్టు పెద్దాయన ఒకరు ఉండేవారు. అందరం ఆయన్ని హాజ్ అనేవాళ్లం. ఆయన టేబుల్ అద్దం కింద రెండు ఫోటోలు ఉండేవి. ఒకటి వాళ్ల నాన్నది, తలపాగాతో. రెండోది సూటు వేసుకుని, కణతల దగ్గర జుట్టు నెరిసి, నోరారా నవ్వుతున్న మనిషిది. "ఇద్దరూ మా ఇంటివాళ్లే" అనేవారు హాజ్. ఆ రెండో మనిషి ఒకప్పటి ఈజిప్టు అధ్యక్షుడు గమాల్ అబ్దుల్ నాసర్. 1970లో పోయిన నాయకుడి గురించి హాజ్ చెబుతుంటే, నిన్న ఊరి నుంచి వచ్చిన పెద్దన్న కబుర్లు చెప్పినట్టు ఉండేది. పేరు పెట్టి పిలిచేవారు కాదు. అబూ ఖాలిద్ అనేవారు, అంటే ఖాలిద్ వాళ్ల నాన్న.

నాకు వచ్చిన నాలుగు ముక్కల అరబీ హాజ్ పెట్టిన భిక్ష. రిటైరై కైరో వెళ్లిపోతూ, "ఒకసారి రా నాయనా, అన్నీ చూపిస్తాను" అన్నారు. 2023 జనవరిలో వెళ్లాను.

మొదటి రోజు, జనవరి 14: కైరో

తహ్రీర్ చౌక్ దగ్గర చవక హోటల్లో దిగాను. కింద మెట్రో స్టేషన్. దాని పేరు సాదాత్. గోడ మీది మ్యాపు చూస్తూ అక్కడే చాలాసేపు నిలబడిపోయాను. ఇక్కడి నుంచి రామ్‌సెస్ రైల్వే స్టేషన్‌కి రెండు లైన్లు ఉన్నాయి. ఒకదాంట్లో వెళ్తే నాసర్, ఒరాబీ స్టేషన్లు వస్తాయి. రెండో దాంట్లో మొహమ్మద్ నగీబ్, అతబా వస్తాయి. రెండూ కలిసే స్టేషన్‌కి ఒకప్పుడు ముబారక్ పేరు ఉండేది. అధ్యక్షుడు ముబారక్‌ని దించేసిన 2011 తిరుగుబాటు తర్వాత దాన్ని షొహదా అని మార్చారు, అమరవీరులు అని.

నేను వెళ్లాల్సింది షుబ్రా. అందుకని నగీబ్ మీదుగా వెళ్లాను. 1952 జులై 23 తెల్లవారుజామున రాజు ఫరూక్ మీద తిరగబడింది నాసర్ కూడగట్టిన యువ సైనికాధికారులు. వాళ్లలో ఎక్కువమంది ముప్పై, ముప్పై అయిదేళ్ల వాళ్లు. జనం నమ్మడానికి ఒక పెద్దతల కావాలి కదా, అందుకని జనరల్ నగీబ్‌ని ముందు పెట్టారు. రేడియోలో ప్రకటన చదివింది, నాసర్ తర్వాత అధ్యక్షుడైన అన్వర్ సాదాత్. నగీబ్ రిపబ్లిక్ మొదటి అధ్యక్షుడయ్యారు. సైన్యం బ్యారక్‌లకు తిరిగి వెళ్లాలి, పార్లమెంటు రావాలి అన్నందుకు 1954 నవంబర్‌లో ఆయన్ని దించేసి, మర్జ్‌లో ఒక ఇంట్లో నిర్బంధించారు. నాసర్ పోయాక 1971లో గానీ వదల్లేదు. ఆ మర్జ్ కూడా మెట్రోలోనే ఉంది, నాసర్ స్టేషన్ ఉన్న లైన్‌లోనే, దాదాపు చివర.

ఖలఫావీ స్టేషన్ బయట హాజ్ నిలబడి ఉన్నారు. ఎనిమిదేళ్లలో బాగా ముసలివారయ్యారు. నాలుగో అంతస్తు ఎక్కేసరికి ఇద్దరికీ ఆయాసమే. వాళ్లావిడ ములూఖియా వండారు. మన గోంగూర పులుసు కాదు గానీ, ఆకు నలిగి జారే ఆ తీరు చూస్తే బచ్చలికూర పప్పు గుర్తొచ్చింది.

భోజనాలయ్యాక హాజ్ బీరువా పైనుంచి ఒక బిస్కెట్ డబ్బా దించారు. అందులోంచి నాలుగు మడతల కాయితం తీసి, ప్లాస్టిక్ సంచీలోంచి బయటికి లాగి, చేతులు తుడుచుకుని టేబుల్ మీద పరిచారు. మడతల దగ్గర చిరిగిపోతే వెనక నుంచి టేపు వేశారు. కింద ముద్ర మీద వేలు పెట్టి, "ఇదీ మా పట్టా" అన్నారు. సొహాగ్ దగ్గర ఐదు ఫెద్దాన్ల భూమి. ఫెద్దాన్ అంటే మన ఎకరం కంటే కాస్త ఎక్కువ.

తిరుగుబాటు జరిగి రెండు నెలలు కూడా నిండకముందే, 1952 సెప్టెంబర్‌లో భూసంస్కరణ చట్టం వచ్చింది. అప్పటికి దేశంలో సాగుభూమిలో మూడో వంతు నూటికి ఒక్కరు కూడా లేని పెద్దల చేతిలో ఉంది. మనిషికి 200 ఫెద్దాన్లు మించకూడదన్నారు. 1961లో దాన్ని 100కి, 1969లో 50కి తగ్గించారు. మిగులు భూమిని రెండు నుంచి ఐదు ఫెద్దాన్ల చొప్పున కౌలుదార్లకు, కూలీలకు దీర్ఘకాలపు వాయిదాల మీద ఇచ్చారు. మొత్తం సాగుభూమిలో చేతులు మారింది ఎనిమిదో వంతు మాత్రమే. అందుకే అది పెద్ద మార్పేమీ కాదని రాసే పండితులు ఉన్నారు. వాళ్లు ఈ కాయితం పట్టుకున్న చేతులు చూసి ఉండరు. హాజ్ వాళ్ల తాత, పాషా అనే పెద్ద భూస్వామి మనుషులు ఎదురైతే గాడిద దిగి నిలబడేవాడట. నాన్న దిగలేదు. ఆ ఒక్క మాట చెప్పేటప్పుడు హాజ్ గొంతు మారింది. పట్టాదారు పాసుపుస్తకాన్ని దేవుడి గూట్లో పెట్టుకునే ఊళ్లోంచి వచ్చినవాణ్ణి, నాకు వేరే వివరం అక్కర్లేదు.

రెండో రోజు, జనవరి 15: మన్షియత్ అల్ బక్రీ

ఈ రోజు కావాలనే ఎంచుకున్నాను. నాసర్ పుట్టింది 1918 జనవరి 15న. ఈసారి నాసర్ స్టేషన్ మీదుగా వెళ్లి, షొహదాలో హాజ్‌ని కలుపుకుని, కోబ్రీ అల్ ఖుబ్బా దగ్గర దిగాం.

నాసర్ చివరిదాకా ఉన్న ఇల్లు 2016 నుంచి మ్యూజియం. రాజు వదిలిపోయిన రాజభవనాలు ఊళ్లో అన్ని ఉండగా ఆయన కాపురం ఇక్కడే చేశాడు. రాసుకునే గది, టెలిఫోన్లు, సూట్లు, ఆయన ఇష్టంగా వాడిన కెమెరాలు. లంచగొండి అని శత్రువులు కూడా ఆయన్ని అనలేకపోయారు. హాజ్ ప్రతి అద్దాల పెట్టె ముందూ ఆగి నాకోసం చదివి, అర్థం చెప్పి, మళ్లీ తనకోసం ఇంకోసారి చదువుకున్నారు.

ఒక గదిలో పాత ప్రసంగాలు వినిపిస్తున్నాయి. 1967 జూన్ 9 నాటి గొంతు రాగానే హాజ్ నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చారు. ఎదురుగా టీ కొట్టు దగ్గర కూర్చున్నాక చెప్పారు.

అప్పుడు ఆయనకి పన్నెండేళ్లు. ఊళ్లో కాఫీ కొట్టు ముందు రేడియో. జూన్ 5న ఇజ్రాయెల్‌తో యుద్ధం మొదలైంది. సౌత్ అల్ అరబ్ అనే సర్కారు రేడియోలో అహ్మద్ సయీద్ గొంతు ఉరుముతోంది, ఇన్ని ఇజ్రాయెల్ విమానాలు కూల్చాం, అన్ని కూల్చాం అని. పిల్లలంతా ఇసకలో గీతలు గీసి లెక్కపెట్టుకున్నారట. నిజానికి ఈజిప్టు విమానాలే మొదటి పూట నేలమీదే కాలిపోయాయి. నాలుగు రోజులు ఆ గీతలు పెరుగుతూనే ఉన్నాయి. జూన్ 9 సాయంత్రం నాసర్ గొంతు వచ్చింది. ఓడిపోయాం, బాధ్యత నాది, దిగిపోతున్నాను అన్నాడు. హాజ్ వాళ్ల నాన్న నేలమీద చతికిలబడి ఏడ్చాడట. నాన్న ఏడవడం ఆయన చూసింది అదొక్కసారే. ఆ రాత్రి కైరోలో లక్షల జనం వీధుల్లోకి వచ్చి, వెళ్లొద్దు అని అరిచారు. మర్నాడు నాసర్ రాజీనామా వెనక్కి తీసుకున్నాడు.

"అబద్ధం చెప్పిన రేడియో ఆయనదే కదా హాజ్, మరి జనం ఎందుకు వచ్చారు?" అని అడిగాను. చాలాసేపు గ్లాసులో చెంచా తిప్పారు. "ఇల్లు కూలుతుంటే స్తంభాన్ని పట్టుకుంటాం. ఆ స్తంభం వంకరగా ఉందా అని ఎవరు చూస్తారు?" అన్నారు.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆ ఇంటికి వేరే స్తంభం లేకుండా చేసింది ఎవరు? పార్టీలను రద్దు చేశారు. పత్రికలను చేతిలోకి తీసుకున్నారు. మతం పేరుతో రాజకీయం నడిపే ముస్లిం బ్రదర్‌హుడ్ వాళ్లనే కాదు, తనను సమర్థించిన కమ్యూనిస్టులను కూడా జైళ్లలో వేశారు. ఆ కమ్యూనిస్టుల్లో ఒకరైన షుహ్దీ అతియాని 1960లో అబూ జాబల్ జైల్లో కొట్టి చంపారు. నేను ఇది అనలేదు హాజ్‌తో. పుట్టినరోజు పూట అనబుద్ధి కాలేదు.

సమాధి పక్కనే మసీదులో ఉంది. పాతికమంది దాకా వచ్చారు, ఎక్కువ ముసలివాళ్లు. ఒకావిడ పాలరాతి మీద అరచెయ్యి ఆనించి, జ్వరం చూసినట్టు కాసేపు ఉంచి, వెళ్లిపోయింది. 1970 సెప్టెంబర్ 28న, జోర్డాన్ రాజు సైన్యానికీ పాలస్తీనా గెరిల్లాలకూ రాజీ కుదిర్చి, అతిథుల్ని విమానం ఎక్కించి ఇంటికొచ్చిన సాయంత్రమే నాసర్ గుండె ఆగింది. అప్పటికి 52 ఏళ్లు. అంత్యక్రియలకు యాభై లక్షల మంది వచ్చారని అంచనా.

మూడో రోజు: అలెగ్జాండ్రియా

రామ్‌సెస్ నుంచి పొద్దున్నే రైలు. సిదీ గాబర్‌లో దిగి, ట్రాము పట్టుకుని బాకోస్ వెళ్లాను. నాసర్ పుట్టింది ఈ పేటలో. తండ్రి తపాలా శాఖలో చిరుద్యోగి. సొంతూరు ఎగువ ఈజిప్టులో అస్యూత్ దగ్గర బనీ ముర్. బదిలీల మీద తిరిగిన కుటుంబం. ఎనిమిదేళ్ల వయసులో తల్లి పోయింది. చిల్లర కొట్లు, ఆరేసిన బట్టలు, కూరగాయల బళ్లు, పట్టాల పక్కనే బడి పిల్లలు. మన గుంతకల్లులోనో బిట్రగుంటలోనో రైల్వే కాలనీ వెనక వీధిలా ఉంది. పాషాల కొడుకులు ఏలిన దేశానికి ఇలాంటి వీధి నుంచి నాయకుడు రావడమే సగం విప్లవం.

అక్కడి నుంచి మన్షియా చౌక్. గుర్రం మీద పాతకాలపు పాలకుడు మొహమ్మద్ అలీ విగ్రహం, చుట్టూ మైక్రోబస్సుల హారన్లు. నాసర్ జీవితాన్ని మలుపు తిప్పిన రెండు సాయంత్రాలూ ఇక్కడివే.

మొదటిది 1954 అక్టోబర్ 26. ప్రసంగం మధ్యలో బ్రదర్‌హుడ్ మనిషి ఎనిమిది గుళ్లు పేల్చాడు. ఒక్కటీ తగల్లేదు. నాసర్ మైకు ముందు నుంచి కదలకుండా, నేను పోయినా మీలో ప్రతివాడూ ఒక గమాల్ అబ్దుల్ నాసరే అని అరిచాడు. రేడియోలో అరబ్ దేశాలన్నీ విన్నాయి. ఆ తర్వాత వేలమందిని పట్టుకున్నారు, ఆరుగురిని ఉరితీశారు, నగీబ్‌ని కూడా ఆ ఊపులోనే తొలగించారు.

రెండోది 1956 జులై 26. అంతకు వారం ముందు, అస్వాన్ డ్యామ్‌కి ఇస్తామన్న డబ్బు ఇవ్వబోమని అమెరికా చెప్పింది. ఆ సాయంత్రం నాసర్ ఎప్పటిలా పుస్తకాల అరబీలో మాట్లాడలేదు. వీధిలో మాట్లాడే ఈజిప్టు అరబీలో, కథ చెప్పినట్టు మొదలుపెట్టాడు. మధ్యలో సూయజ్ కాలువ తవ్వించిన ఫ్రెంచి మనిషి డి లెసెప్స్ పేరు ఎత్తాడు. మళ్లీ ఎత్తాడు. పదే పదే ఎత్తాడు. అది గుర్తుమాట. నాసర్ ఈ పని అప్పగించిన మహ్మూద్ యూనిస్ మనుషులు రేడియో దగ్గర చెవి పెట్టి కూర్చున్నారు, ఆ పేరు వినగానే బ్రిటన్, ఫ్రాన్స్ వాళ్ల చేతుల్లో ఉన్న సూయజ్ కాలువ కంపెనీ ఆఫీసుల్లోకి నడిచారు. కాలువ మీద ఏడాదికి 3.5 కోట్ల పౌండ్ల ఆదాయం వస్తే మనకి ఇచ్చేది 10 లక్షలు అని ఇక్కడ లెక్క చెబుతుండగా, అక్కడ తాళాలు చేతులు మారిపోతున్నాయి. ప్రసంగం పూర్తయ్యేసరికి కాలువ ఈజిప్టుది.

ఆ మాటలు పలికిన పత్తి మార్కెట్ భవనం ఇప్పుడు లేదు. సాదాత్ రొట్టె మీద, పిండి మీద సబ్సిడీ కోస్తానన్నప్పుడు, 1977 జనవరి అల్లర్లలో తగలబడింది. తర్వాత కూల్చేశారు. ఆ చోట కార్లు నిలిపి ఉన్నాయి. పార్కింగ్ కుర్రాణ్ణి "నాసర్ మాట్లాడింది ఇక్కడేనా?" అని అడిగితే, బాల్కనీ ఉండాల్సిన ఎత్తుకి చెయ్యి చూపించాడు. వాడికి ఇరవై ఏళ్లు కూడా ఉండవు. ఆ బాల్కనీని వాడు ఎన్నడూ చూసి ఉండడు.

నాలుగో రోజు: పోర్ట్ సయీద్

పొద్దున బస్సు, సాయంత్రం తిరుగు బస్సు. కాలువ మీద పోర్ట్ ఫువాద్‌కి పడవ ఉచితం. నీటి ఒడ్డున మూడు ఆకుపచ్చ గుమ్మటాల కాలువ ఆఫీసు. సముద్రం వైపు కట్టమీద ఒక ఖాళీ రాతి పీఠం. దాని మీద డి లెసెప్స్ విగ్రహం ఉండేది. కాలువ తీసుకున్నందుకు 1956 అక్టోబర్ 29న ఇజ్రాయెల్, ఆ వెంటనే బ్రిటన్, ఫ్రాన్స్ విరుచుకుపడ్డాయి. ఈ ఊరి మీద బాంబులు పడ్డాయి, ఇళ్లు పోయాయి. అమెరికా, సోవియట్ యూనియన్ రెండూ కాదనడంతో బ్రిటన్, ఫ్రాన్స్ సైన్యాలు డిసెంబర్‌లో వెళ్లిపోయాయి. వెళ్లిన రెండో రోజు, డిసెంబర్ 24న, ఊరివాళ్లు విగ్రహాన్ని పేల్చేశారు. యుద్ధంలో ఓడి రాజకీయంగా గెలిచిన నాసర్ అరబ్బులందరికీ నాయకుడైపోయాడు. సిరియా తనంతట తాను వచ్చి 1958లో ఈజిప్టులో కలిసింది, మూడున్నరేళ్లకే విడిపోయింది. ఆ కలయిక మీద హాజ్‌కి ఉన్నంత మమకారం నాకు లేదు. పైనుంచి కుదిర్చిన పెళ్లి అది.

ఐదో రోజు

పగలంతా నిద్ర. రాత్రి అస్వాన్ రైలు.

ఆరో రోజు: అస్వాన్

ఎత్తైన ఆనకట్ట అని పేరు గానీ, దాని మీద నిలబడితే ఆనకట్టలా కనిపించదు. వెడల్పాటి రోడ్డులా ఉంటుంది. మన నాగార్జునసాగర్‌లా నిటారుగా లేచిన రాతిగోడ కాదు. రాళ్లూ ఇసుకా బంకమట్టీ పోసిన కొండ. పొడవు 3,830 మీటర్లు, ఎత్తు 111, అడుగున వెడల్పు 980 మీటర్లు. 12 టర్బైన్లు, 2,100 మెగావాట్లు. పక్కనే సోవియట్ స్నేహానికి గుర్తుగా తామరపువ్వు ఆకారంలో కాంక్రీటు స్తంభం.

సాగర్‌ని తలుచుకోకుండా ఉండలేకపోయాను. నెహ్రూ అక్కడ పునాదిరాయి వేసింది 1955 డిసెంబర్‌లో. అదే ఏడు ఏప్రిల్‌లో నెహ్రూ, నాసర్ ఇండోనేషియాలో ఆసియా, ఆఫ్రికా దేశాల బాండుంగ్ సభలో కూర్చున్నారు. అక్కడ నాగార్జునకొండ బౌద్ధ శిథిలాలను నీళ్లు రాకముందే తవ్వి గుట్ట మీదికి చేర్చారు. ఇక్కడ అబూ సింబెల్‌లోని ప్రాచీన గుడులను ముక్కలుగా కోసి 65 మీటర్లు పైకి ఎక్కించారు. కొత్తగా స్వతంత్రమైన రెండు దేశాలకు ఒకే కల. ఆ కలను నేను తక్కువ చెయ్యలేను. 1980ల్లో ఎగువన ఇథియోపియా కరువుతో అల్లాడిపోతుంటే ఈజిప్టును ఈ చెరువే కాపాడింది.

పని మొదలైంది 1960 జనవరి 9న, ముగిసింది 1970 జులైలో. రెండు నెలలకు నాసర్ పోయాడు. 1971 జనవరి 15న, ఆయన పుట్టినరోజున, సాదాత్ ప్రారంభించాడు. దక్షిణాన కనుచూపు మేర నీళ్లు. నాసర్ సరస్సు. సుడాన్ లోపలి దాకా దాదాపు 500 కిలోమీటర్లు.

ఆ నీటి కింద ఊళ్లున్నాయి.

ఏడో రోజు, శుక్రవారం: కోమ్ ఓంబో

1963, 64లలో సుమారు 50,000 మంది నుబియన్లను, అంటే నైలు ఒడ్డున తరతరాలుగా ఉంటున్న వాళ్లను, సరస్సు ప్రాంతం నుంచి ఖాళీ చేయించి కోమ్ ఓంబో చుట్టూ దింపారు. వాళ్లు దాన్ని తహ్జీర్ అంటారు. కొత్త ఊళ్లకు మునిగిన ఊళ్ల పేర్లే పెట్టారు. నన్ను తీసుకెళ్లిన టాక్సీ అతను నుబియనే. వాళ్ల మేనత్త ఇంటికి తీసుకెళ్లాడు.

బడిలో పనిచేసి రిటైరైన మనిషి ఆవిడ. వచ్చినప్పుడు ఎనిమిదేళ్లు. పడవ కదిలే ముందు ఆడవాళ్లు సమాధుల మీద నీళ్లు చల్లడం గుర్తుందట. ఇక్కడికి వచ్చేసరికి ఇళ్లు సగమే కట్టి ఉన్నాయి, అన్నీ ఒకే వరసలో, అగ్గిపెట్టెల్లా. నది కనపడదు. మొదటి ఏడాది చిన్నపిల్లలు చాలామంది పోయారు. ఆవిడ తమ్ముడు ఒకడు.

లోపలికి వెళ్లి ఒక కొయ్య తాళం తెచ్చారు. మూరెడు పొడవు, అడ్డంగా జరిగే దుంగ, దానికి పళ్లున్న కొయ్య తాళంచెవి. పాత ఇంటి తలుపుది. ఇల్లు నీళ్లలో ఉంది, తాళం ఇక్కడ ఉంది. నా చేతికిచ్చి, తాళంచెవి దూర్చి పైకెత్తమన్నారు. టక్కుమని లోపల ఏదో లేచింది. అరవై ఏళ్ల తర్వాత కూడా తెరుచుకుంటోంది.

మా అమ్మమ్మ వాళ్ల ఊరు పెన్న ఒడ్డున ఉండేది. సోమశిల ముంపులో పోయింది. అమ్మమ్మ గడప చెక్క ఊడబెరికించి బండిలో వేయించుకుని వచ్చింది. కొత్త ఇంటి ద్వారానికి అది కుదరలేదు. అయినా పారెయ్యనివ్వలేదు. గోడకి ఆనించి, శుక్రవారం పూట దానికి పసుపు రాసేది. నాకొచ్చిన అరబీలో ఇదంతా చెప్పేసరికి ఆవిడ నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"నాసర్ అంటే కోపమా అమ్మా?" అని అడిగాను.

"మా నాన్న ఆయన్ని ఎప్పుడూ తిట్టలేదు" అన్నారు. "దేశానికి నీళ్లు కావాలన్నారు, ఇచ్చాం. ఇచ్చాం అని ఎవరైనా అంటే చాలు అనేవాడు." 2014 రాజ్యాంగంలో 236వ అధికరణ ఉంది, నుబియన్లను పదేళ్లలో పాత ప్రాంతాలకు తిరిగి చేరుస్తామని. నేను వెళ్లేసరికి తొమ్మిదేళ్లు గడిచాయి. ఆవిడ ఆ అధికరణ నంబరు ఇంటి నంబరులా చెప్పారు.

నాకు నాసర్ మీద నిజంగా కోపం వచ్చింది అక్కడే. కాలువ కోసం వీధి భాషలో మాట్లాడగలిగినవాడు, తాళం పట్టుకుని పడవెక్కిన వాళ్లతోనూ ఆ భాషలో మాట్లాడి ఉండాల్సింది. మన దగ్గరా ఎవరూ మాట్లాడలేదు.

ఎనిమిదో రోజు: మళ్లీ షుబ్రా

రాత్రి రైలు దిగి, అస్వాన్ ఖర్జూరాల సంచీతో నేరుగా హాజ్ ఇంటికి వెళ్లాను. విమానం రాత్రికి. వీధి చివర ప్రభుత్వ రొట్టెల పొయ్యి దగ్గర బారు. రేషన్ కార్డు మీద రొట్టె అప్పుడు 5 పియాస్టర్లు, అంటే వాళ్ల పైసలు. బయట గుడ్ల ధర, నూనె ధర ఆ నెలలో రోజుకో తీరుగా ఉన్నాయి. నాసర్ కాలంలో ఇలా కాదు అని బారులో ఎవరో అంటే, ఎవరూ కాదనలేదు.

కొయ్య తాళం సంగతి చెప్పాను. మా అమ్మమ్మ గడప సంగతి కూడా. కువైట్‌లో పదకొండేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు. హాజ్ వింటూ వింటూ లేచి, బీరువా పైనుంచి మళ్లీ ఆ బిస్కెట్ డబ్బా దించారు. పట్టా పక్కన పెట్టి, అడుగున పరిచిన పాత పేపరు ఎత్తి, దాని కింద నుంచి ఇంకో కాయితం తీశారు. చిన్నది, పసుపు రంగుకి తిరిగింది. నాకు అరబీ అక్షరాలు పూర్తిగా రావు, అంకెలు వచ్చు. 1964 అని ఉంది.

"మా బాబాయి. యెమెన్" అన్నారు.

1962లో యెమెన్ రాజు మీద తిరుగుబాటు జరిగితే, అక్కడి రిపబ్లిక్‌ని నిలబెట్టడానికి నాసర్ సైన్యాన్ని పంపాడు. ఐదేళ్లు అక్కడే చిక్కుకుపోయింది. కొండల్లో వేలమంది ఈజిప్టు కుర్రాళ్లు పోయారు, చాలామంది శవాలు కూడా రాలేదు. హాజ్ బాబాయి శవమూ రాలేదు. పట్టా వచ్చిన పొలంలో మొదటి పంట కోసింది ఆ బాబాయేనట. నాన్న ఈ రెండు కాయితాలనూ ఒకే డబ్బాలో పెట్టాడు. తనకు ఇచ్చేటప్పుడు ఏమీ చెప్పలేదు.

"నాతో ఎప్పుడూ అనలేదే హాజ్."

"నువ్వు అడగలేదు నాయనా."

వాళ్లావిడ వంటింట్లోంచి చల్లారిపోతోందని పిలిచారు. హాజ్ చిన్న కాయితాన్ని అడుగున పెట్టి, దాని మీద పేపరు పరిచి, పైన పట్టా పెట్టారు. మూత సరిగ్గా పట్టలేదు. తీసి, పట్టాను ఇంకో మడత వెయ్యబోయి, చిరుగుతుందని ఆగి, అలాగే పెట్టి రెండు అరచేతులతో అదిమారు.

"విమానం ఎన్నింటికన్నావు?" అని అడిగారు.